దోర్నా, దోనె

ఆయన సంస్మరణ సభ మిల్టన్ కీన్స్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. 2019 మొదట్లో, చలి ఇంకా విడవని ఒక ఆదివారం మధ్యాహ్నం. గోడ మీద ఫొటోలు వేసి చూపిస్తూ ఒక కుర్రాడు మైకులో అన్నాడు: "అంకుల్‌కి పడవలంటే ప్రాణం. ఎవరు కనబడినా పడవల గురించే మాట్లాడేవారు." ఫొటోల మధ్యలో, ఎక్కడ దొరికిందో, నీలం సముద్రం మీద తెల్ల తెరచాప వేసుకుని వెళ్తున్న ఒక పడవ బొమ్మ కూడా చేర్చారు.

ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య, మా ఆంటీ, తల వంచుకున్నారు. పక్కనే ఉన్న కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది. వాళ్లిద్దరూ నా వైపు తిరగలేదు గానీ, ఆ క్షణంలో ముగ్గురమూ ఒకటే అనుకుంటున్నామని నాకు తెలుసు. చదువు కోసం ఊరు విడిచిన నాటి నుంచి చనిపోయే దాకా ఆయన ఏ పడవా ఎక్కలేదు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఆయన్ని పైపైన చూసినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

2011లో మా ఆయన ఉద్యోగం వల్ల మేము మిల్టన్ కీన్స్ వచ్చి, వాళ్లింటికి రెండిళ్ల అవతల అద్దెకు దిగాం. సామాన్లు దింపుతుంటే వచ్చి నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, సన్నగా, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని. పేరూ అదీ అడగలేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"అనంతపురం పక్కన ఉరవకొండ అంకుల్."

"మీ వైపు పడవని ఏమంటారు?"

నాకు నవ్వొచ్చింది. "మా తట్టు తాగేదానికే నీళ్లు లేవంకుల్. పడవలు యాడ నుంచి వస్తాయి?"

ఆయన నవ్వలేదు. "పోనీ, దొన అనే మాట విన్నావా?"

"దొన తెలుసు. కొండ మీద బండలో గుంట ఉంటాది చూడండి, వాన నీళ్లు నిలుస్తాయి. మేకలోళ్లు తాగుతారు."

ముఖం వెలిగిపోయింది. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టారు. "చూసేవా! రాతిలో గుంటయితే దొన. ఆకుతో గుంట కుడితే దొన్నె. తాటిమాను తొలిచి గుంట చేస్తే..." అని ఆగారు. గుటక మింగి, "దోనె" అన్నారు.

ఆ దోసిలి, ఆ గుటక, ఆ మాట. ఎప్పుడూ అదే వరస. అన్ని మాటలూ గడగడా మాట్లాడే మనిషి ఆ ఒక్క మాట ముందు మాత్రం ఆగేవారు. అలవాటేమో అనుకునేదాన్ని.

ఆయన ఒక ఆఫీసులో డేటాబేసుల పని చూసేవారు. భాషల గురించి ఎక్కడా చదువుకోలేదు. కానీ ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకటే. బాయిలర్ బాగుచేయడానికి వచ్చిన పోలండ్ అబ్బాయిని అడిగారు. జీపీ క్లినిక్‌లో డాక్టరు కోసం టోకెన్ పట్టుకుని కూర్చున్న ముసలావిడని అడిగారు. ఒకసారి మేమంతా మినీక్యాబ్‌లో స్టేషన్‌కి వెళ్తుంటే సోమాలియా డ్రైవర్‌ని అడిగారు. అతను అద్దంలో ఈయన్ని ఓసారి చూసి, "దూన్ని" అన్నాడు. ఈయన ముందు సీటు పట్టుకుని వంగిపోయి మళ్లీ చెప్పించుకున్నారు. దిగాక మా రైలు వెళ్లిపోతోందని ఆంటీ కేకలేస్తుంటే, ఆయన పేవ్‌మెంట్ మీద నిలబడి నాకు వివరిస్తున్నారు. "మనవాళ్ల సరుకు ఆఫ్రికా వెళ్లింది కదమ్మా. సరుకుతో మాటా వెళ్లింది."

నెలకోసారి కూరగాయల కోసం లండన్‌లో ఈస్ట్ హామ్ వెళ్లేవాళ్లం. అక్కడ ఒక కొట్లో బిల్లు వేసే తమిళాయన్ని కూడా వదల్లేదు. వెనక క్యూ పెరిగిపోతోంది. బెండకాయలు తూస్తున్న ఆ తమిళాయన తల ఎత్తకుండానే "తోణి" అన్నాడు. ఈయన కౌంటర్ మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయారు.

"కార్డా, క్యాషా సార్?" అని అతను రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఇదంతా ఎక్కడ మొదలైందో ఆయనే చెప్పారు. కూతురు స్కూల్లో ఉండగా వేసవి సెలవుల్లో ఉత్తర స్పెయిన్ వెళ్లారట. గలీసియా అని, పోర్చుగల్‌కి పైన ఉంటుంది. అక్కడివాళ్లు స్పానిష్‌తో పాటు తమ సొంత భాష కూడా మాట్లాడతారు. ఒక చిన్న రేవులో, ఒడ్డుకు లాగిన పొట్టి పడవకి ఒక ముసలాయన తారు పూస్తున్నాడు. ఏమిటది అని ఈయన చేత్తో చూపించి అడిగారు. ముసలాయన పడవ పక్కమీద బ్రష్షుతో కొట్టి, నవ్వుతూ, "దోర్నా" అన్నాడు.

"మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పేడు. ఇంకోసారి అన్నాను. చెవుడనుకున్నాడేమో మరి, ఈసారి రేవంతా వినబడేట్టు అరిచేడు."

ఆంటీ చెప్పే కథ వేరేగా ఉండేది. "నేనూ పిల్లా ఐస్‌క్రీములు కొనుక్కొచ్చేసరికి ఈయన అక్కడే నిలబడి ఉన్నారమ్మా. ఆయన చేతికిచ్చింది కరిగి మోచేతి దాకా కారిపోయింది. కళ్లమ్మట నీళ్లు. ఏంటండీ అంటే ఎండ అన్నారు."

ఇంటికొచ్చాక ఆయన దొరికిందల్లా చదివారు. గలీసియాలో దోర్నా అంటే పడవే కాదు, ద్రాక్షపళ్లు వేసే కర్ర తొట్టి కూడా. స్పెయిన్‌లో ఇంకోవైపు అదే మాట కొంచెం మారి, పిండి కలిపే తొట్టికి పేరైంది. మనకీ దోనె అంటే పడవా అవుతుంది, పశువులు నీళ్లు తాగే రాతి తొట్టీ అవుతుంది. "అక్కడా తొట్టీ పడవా ఒకటే, ఇక్కడా తొట్టీ పడవా ఒకటే. ఇది ఊరికే జరుగుతుందా?" అనేవారు. టీవీలో తెలుగు వార్తలు వస్తుంటే, వాతావరణం దగ్గర అల్పపీడన ద్రోణి అని వినబడగానే సౌండ్ పెంచేవారు. తుపానుకి భయపడి కాదు. "ద్రోణి అన్నాడు చూడు! అదే ఇదీను!"

కూతురు అప్పటికి యూనివర్సిటీలో చేరింది. "డాడ్, ఇట్స్ జస్ట్ ఎ కోయిన్సిడెన్స్," అనేది, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఆయన ఆ మాటకి నొచ్చుకునేవారు. కోపం తెచ్చుకునేవారు కాదు, లేచి వెనక గార్డెన్‌లోకి వెళ్లిపోయేవారు.

ఇంత చేసే మనిషి నీళ్ల దగ్గరికి వచ్చేసరికి వేరే మనిషైపోయేవారు. ఊళ్లో చెరువు దగ్గర పెడల్ బోట్లు ఉంటాయి. ఎండ కాసిన రోజున అందరం వెళ్లేవాళ్లం. మేము బోటెక్కితే ఆయన ఒడ్డున నిలబడి, మేము తిరిగొచ్చేదాకా కూర్చునేవారు కాదు. ఒకసారి మా ఆయన సరదాకి చెయ్యి పట్టుకుని లాగితే, విదిలించుకున్న తీరుకి అందరం గతుక్కుమన్నాం.

నాకు ఆయన మీద మనసు విరిగింది 2013లో. నాకు నెల తప్పిందని తెలిసిన రోజున ఆంటీ పాయసం చేసి తెచ్చారు. ఆయన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. దారిలో ఎదురైతే తల వంచుకుని పక్కకి తప్పుకునేవారు. నేను వాళ్లింటికి వెళ్తే వెనక తలుపు తీసుకుని బయటికి నడిచేవారు. అంతకుముందు రోజుకోసారి వచ్చి కాఫీ తాగి వెళ్లిన మనిషి. మేమేం తప్పు చేశామని మా ఆయన అడిగితే, నేను వెళ్లి ఆంటీని అడిగాను. "ఆయన తీరే అంతమ్మా. నా పురిటికి నన్ను పుట్టింటికి పంపించి, పిల్లకి మూడో నెల వచ్చాక గానీ చూడ్డానికి రాలేదు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. బాబు పుట్టి ఇంటికొచ్చాక ఒక ఉదయం బెల్ కొట్టారు. చేతిలో పెద్ద టెడ్డీబేర్. ఏమీ జరగనట్టు కాఫీ అడిగారు.

మరుసటి ఏడు నాకు కేంబ్రిడ్జ్‌లో సైన్స్ పార్కులో ఉద్యోగం వచ్చి అక్కడికి మారిపోయాం. అక్కడ లైబ్రరీలో నెలకో శనివారం ఒక చిన్న సమావేశం జరిగేది. ఎవరి భాషలోని ఒక మాట గురించి వాళ్లు కాసేపు మాట్లాడొచ్చు. నడిపేది ఒక పెద్దావిడ. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, నవ్వితే బుగ్గలంతా ముడతలు. స్పానిష్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు, మాటల పుట్టుకల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఏ ఊరని అడిగితే గలీసియా అన్నారు.

నేను ఆ సాయంత్రమే ఆయనకి ఫోన్ చేశాను. "నిజంగా గలీసియాయేనా అమ్మా? సముద్రం పక్కనేనా?" అని అడిగారు.

తర్వాతి నెల సమావేశంలో మాట్లాడటానికి ఆయన కోటు వేసుకుని, టై కట్టుకుని వచ్చారు. నేనే వెళ్లి కారులో తీసుకొచ్చాను. వినడానికి వచ్చినవాళ్లు ఒక పదిమంది ఉంటారేమో. ఆయన బాగా మాట్లాడారు. దొన, దొన్నె, దోనె, ద్రోణి, తమిళుల తోణి, సోమాలీల దూన్ని, అన్నీ వరసపెట్టి, పడమర వైపు తీసుకెళ్లి చివరికి ఆ గలీసియా రేవులో దింపారు. దోసిలి పట్టి చూపించారు. చప్పట్లు కొట్టారు.

తర్వాత టీ తాగుతూ ఆ పెద్దావిడ ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. ఆవిడ మాట మెత్తగా ఉంది.

"మా నాన్నకి దోర్నా ఉండేది," అన్నారు. "మా పెరట్లో ఇంకో దోర్నా ఉండేది, ద్రాక్ష వేసుకునే తొట్టి. తొట్టి ముందు, పడవ తర్వాత. తొట్టిలా ఉందని పడవకి ఆ పేరు పెట్టారు. ఆ మాట ఎక్కడిదని మా ఊళ్లో అడిగితే వైకింగులు తెచ్చారంటారు, పలక మీద పలక ఎక్కించి కట్టడం వాళ్ల పద్ధతి కాబట్టి. పండితులు అది ఒప్పుకోరు. కొందరు లాటిన్ అంటారు. ఎక్కువమంది ఇంకా పాతదంటారు, రోమన్లు రాకముందు అక్కడున్నవాళ్ల మాట అని." ఆవిడ చెయ్యి చాపి వేళ్లు ముడిచారు. "పిడికిలి అని దాని అర్థం. పిడికిలి పట్టేంత కొలత, ఆ కొలతకి పాత్ర, పాత్ర పెద్దదైతే తొట్టి. మీ ద్రోణి దేన్నుంచి వచ్చింది?"

"ద్రు అంటే మాను. కర్ర," అన్నారు ఆయన.

"చూశారా. మీది చెట్టు నుంచి వచ్చింది. మాది చేతి నుంచి వచ్చింది. రెండూ తొట్టి దగ్గర కలిశాయి. చుట్టరికం లేదు."

ఆయన తల వంచి కప్పులోకి చూశారు. ఆవిడకి జాలేసినట్టుంది. "మీకు నిజమైన చుట్టం కావాలంటే నేనిస్తాను," అన్నారు. "మీరు మోటారు పడవని ఏమంటారు?"

"లాంచీ," అన్నాను నేను.

"అదిగో! మాది లాంచా. మేము పోర్చుగీసువాళ్ల దగ్గర తీసుకున్నాం. వాళ్లకి మలయా సముద్రంలో దొరికింది, వేగంగా పోయే పడవకి అక్కడి పేరు. మా దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకుని లాంచ్ అన్నారు, వాళ్ల దగ్గర్నుంచి మీరు. మీ తూర్పు సముద్రంలో బయల్దేరిన మాట మా ఇంటి మీదుగా మీ ఊరికి వచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి?"

ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన కప్పు బల్ల మీద పెట్టేసి, "లాంచీ నాకెందుకండీ," అన్నారు. ఎంత కటువుగా అన్నారంటే, ఆవిడ నా వైపు చూశారు.

ఆయనే మళ్లీ అడిగారు. "మీ ఊళ్లో ఆ మాట అందరూ అంటారా? దోర్నా అని?"

"అంటారు. అదొక్కటే పేరు కదా."

"ఇళ్లల్లో కూడా? ఎవరూ వద్దనరా?"

ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు వద్దంటారు?" అన్నారు.

"ఏం లేదండీ," అని ఆయన లేచి కోటు తొడుక్కున్నారు.

ఆయన్ని మిల్టన్ కీన్స్‌లో దింపడానికి బయల్దేరాం. నేను ఆ లాంచీ గురించే ఏదో అనబోయాను. ఆయన కిటికీలోంచి చూస్తూ మొదలుపెట్టారు.

"లాంచీ కోసం కబురు పంపేరమ్మా. రాలేదు."

నేను కారు నెమ్మది చేశాను.

"మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్లు. వరద రోజులు. మా అమ్మకి నొప్పులు మొదలై రెండో రోజు. మంత్రసాని నా వల్ల కాదనేసింది. ఏలూరు కాలవలో తిరిగే లాంచీ ఒకటుండేది, దాన్ని పంపించమని మనిషిని తోలేరు. వస్తంది వస్తంది అని పొద్దున్నుంచి చూసేరు. ఇంక లాభం లేదని రెండు దోనెలు పక్కపక్కన కట్టి, పైన చాప పరిచి పడుకోబెట్టేరు. మా నాన్నా ఇంకొకాయనా గెడ వేసేరు. గట్టు కనబడే చోట నేను పుట్టేను. గట్టు చేరేసరికి అమ్మ లేదు."

ఈసారి దోనె అనే మాట ముందు గుటక మింగలేదు.

"మా నాన్న దోనె లేకుండా ఇల్లు దాటలేడు. చేపలకెళ్లాలన్నా, ఉప్పు తెచ్చుకోవాలన్నా అదే. కానీ ఆ మాట అనేవాడు కాదు. 'అది విప్పు', 'అది కట్టెయ్' అనేవాడు. ఇంట్లో ఎవరి నోటైనా వస్తే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఇంట్లో అది. ఇంక బయటికెళ్తే నా పేరే అది. దోనెగాడు. అమ్మని మింగిన దోనెగాడు. ఆడుకోడానికి పిలవాలన్నా అదే, తిట్టాలన్నా అదే. మా మేనమామ చూడలేక ఏలూరు తీసుకెళ్లి బళ్లో వేసేడు. ఎండాకాలం కొల్లేరు ఎండి బాట పడితే అప్పుడు నడిచి ఇంటికెళ్లేవాణ్ణి."

రౌండెబౌట్ వచ్చింది. నేను ఏ దారి తీసుకున్నానో నాకే తెలియలేదు.

"ఆ స్పెయిన్ ముసలాయన ఎంత గట్టిగా అరిచేడో తెలుసా అమ్మా? నవ్వుతా అరిచేడు. నన్ను కాదు. పడవని." ఆయన మొహం తుడుచుకున్నారు. "ఆవిడ చెప్పింది నిజమే అయ్యుంటాది. పెద్ద చదువు చదివినావిడ. కానీ ఆ మాట ప్రపంచమంతా ఉందనుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. అంతే."

"ఆంటీకి చెప్పలేదా అంకుల్?"

"మా అమ్మ జ్వరంతో పోయిందని పెళ్లిచూపుల్లో మేనమామ చెప్పేడు. అదే ఉండిపోయింది. నువ్వూ చెప్పకు." నా వైపు తిరిగి అన్నారు. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు రాలేదని మీరు బాధపడ్డారు. నాకు తెలుసు. నేను దగ్గరుంటే మంచిది కాదమ్మా."

"అట్లంటారేంది అంకుల్? పుట్టిన బిడ్డది ఏం తప్పు?" అన్నాను. ఆయన తల ఊపారు గానీ, అది ఒప్పుకున్నట్టు లేదు.

ఆ తర్వాత ఆయన ఎవరినీ ఏ మాటా అడగలేదు. కొన్ని నెలలకి ఆంటీ ఫోన్ చేసి, "అడుగుతుంటే పరువు పోతోందని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అడక్కపోతే భయంగా ఉందమ్మా. ఆఫీసు నుంచొచ్చి గోడకేసి చూస్తా కూచుంటారు," అన్నారు. అది విన్నాక నిద్ర పట్టలేదు. నేను ఆ లైబ్రరీకి పిలవకపోతే ఆయన తన లెక్కతో తాను హాయిగా ఉండేవారు కదా అనిపించింది.

కూతురు పెళ్లి చేసుకుని మిల్టన్ కీన్స్‌లోనే కాపురం పెట్టింది. 2017లో ఆ అమ్మాయి కడుపుతో ఉందని తెలిసింది. ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు. అలాగే జరిగింది. ఆ పిల్ల వస్తే ఆయన మేడ మీది గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. తనే ఒకరోజు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "హీ వోంట్ ఈవెన్ సిట్ ఇన్ ద సేమ్ రూమ్. వాట్ హావ్ ఐ డన్?"

నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆయనకే ఫోన్ చేశాను. "మీరైనా చెప్పండి, నన్నైనా చెప్పనీయండి. పిల్ల నలిగిపోతోంది," అన్నాను.

"పురుడైపోయాక చెప్తానమ్మా. ముందు చెబితే దానికీ భయం పట్టుకుంటాది," అన్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

పురిటి రోజున ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మాయ్, నన్ను దింపి కారు పెట్టొస్తానని వెళ్లేరు. పొద్దున్న వెళ్లిన మనిషి ఇంతవరకూ లేరు. ఫోనెత్తరు. ఇక్కడ పిల్లకేమో కష్టంగా ఉందంటున్నారు. ఏం మనిషమ్మా ఈయన?"

నేను ఆఫీసులో చెప్పి బయల్దేరాను. ఆసుపత్రి కార్ పార్కులో ఆయన వెండి రంగు కారు వెతకడం కష్టం కాలేదు. ఎక్కడికీ వెళ్లలేదు, అక్కడే ఉన్నారు. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

"పైకి రండి అంకుల్."

"నేను రాను."

"లోపల ఇంతమంది డాక్టర్లున్నారు."

"లాంచీ వస్తందని అందరూ అన్నారమ్మా ఆ రోజు కూడా."

నా ఫోన్ మోగింది. ఆంటీ. ఆపరేషన్ చేసి తీయాలంటున్నారని, థియేటర్‌లోకి తీసుకెళ్లారని, అల్లుడు లోపలికి వెళ్లాడని, తను ఒక్కతే బయట కూర్చున్నానని చెబుతున్నారు. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఆయనకీ వినబడుతోంది. చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

"నేనే. కింద కార్లో ఉన్నాను. నీకొకటి చెప్పాలి," అన్నారు.

నేను దిగిపోబోతే తల అడ్డంగా ఊపి ఆపారు. అంతా చెప్పారు. నాకు చెప్పినంత వివరంగా కాదు. వరద, లాంచీ రాకపోవడం, దోనెలు, గట్టు. చివర్లో, "అందుకే రాలేకపోతున్నాను. దానికేమన్నా అయితే నేనే," అని ఆగిపోయారు.

అవతల ఆసుపత్రి చప్పుళ్లు వినబడుతున్నాయి, ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్నారు. వాటి మధ్యలోంచి ఆంటీ గొంతు వచ్చింది.

"ఇన్నేళ్లూ లోపల పెట్టుకుని ఎలా ఉన్నారండీ?" అన్నారు. "మీరు పైకి రాకపోయినా పరవాలేదు. ఫోను మాత్రం పెట్టెయ్యకండి. నాకు ఒక్కదానికి భయంగా ఉంది."

ఆయన పెట్టెయ్యలేదు. మధ్యమధ్య ఆవిడ "ఉన్నారా?" అనడం, ఈయన "ఉన్నాను" అనడం. బయట వాన మొదలై అద్దాల మీద కారుతోంది. ఆవిడ పక్కకి తిరిగి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడినట్టు వినబడింది. తర్వాత పెద్దగా ఏడుపు. ఆయన కళ్లు మూసుకున్నారు.

"ఆడపిల్లండీ! ఇద్దరూ బావున్నారు! వింటన్నారా? ఇద్దరూ!"

ఆయన అడిగింది ఒకటే. "అమ్మాయి మాట్లాడిందా?"

"మాట్లాడింది. మంచినీళ్లు కావాలందంట."

అప్పుడు స్టీరింగ్ వదిలారు.

అంత జరిగినా ఆయన ఆ రోజు లోపలికి వెళ్లలేదు. ఆ మరునాడూ వెళ్లలేదు. ఇంటి నుంచి పథ్యం అన్నం, చారు ఫ్లాస్కుల్లో తెచ్చి, కార్ పార్కులో ఆంటీ చేతికిచ్చి వెళ్లిపోయేవారు. నేను సెలవు పెట్టి వాళ్లింట్లోనే ఉండిపోయాను. అంతా కూతురికి ఆంటీయే చెప్పారట. విని ఆ పిల్ల ఏమందని నేనడిగితే, "అటు తిరిగి పడుకుంది," అన్నారు.

డిశ్చార్జి రోజు నేనూ ఆంటీ పైకి వెళ్లి బట్టలవీ సర్దుతున్నాం. నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. కూతురు మంచం అంచు పట్టుకుని లేచింది. కుట్లు లాగుతున్నట్టున్నాయి, పెదవి కొరుక్కుంది.

"నో, థ్యాంక్యూ. ఐ విల్ వాక్."

"ఇట్స్ ఎ లాంగ్ వే, లవ్," అంది నర్సు.

"ఐ నో. మై డాడ్స్ డౌన్‌స్టెయిర్స్."

లిఫ్టులో గోడకి ఆనుకుని నిలబడింది. కింద గాజు తలుపులు తెరుచుకునేసరికి చలిగాలి కొట్టింది. ఆయన ఎదురుగా కారు పక్కనే నిలబడి ఉన్నారు. అల్లుడు పాపని బేబీ సీట్లో పట్టుకుని ముందుగా నడిచి వెళ్లి, "మావయ్యా, చూడండి," అన్నాడు. ఆయన అటు చూడలేదు. ఆయన చూపంతా కూతురి కాళ్ల మీద ఉంది. ఆసుపత్రి చెప్పుల్లో ఆ పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఒక్కో అడుగూ నేల వెతుక్కుంటున్నట్టు వేస్తోంది. సగం దారిలో ఆగి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఆంటీ పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఊపిరి తీసుకుని మళ్లీ నడిచింది. కారు దాకా వచ్చి, తండ్రి భుజం పట్టుకుని నిలబడింది.

"ఐయామ్ హియర్, డాడ్."

"నడిచొచ్చేవు," అన్నారు ఆయన.

తలుపు తీసి, తలకి తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టి, ఆమెని సీట్లో కూర్చోబెట్టారు. ఒక్కొక్క కాలూ లోపలికి పెట్టేదాకా వంగి చూశారు. బెల్టు కుట్ల మీద పడకుండా సర్దారు. తలుపు వేశారు. అప్పుడు అల్లుడి వైపు తిరిగారు.

"ఇప్పుడివ్వు బాబూ," అన్నారు.